నాలెడ్జికి పాత అర్థం

కాదు, ‘తెలివి’ అని రాస్తే అది బుద్ధిబలం వైపు పోతుంది. ‘జ్ఞానం’ అని రాస్తే కాషాయం కట్టుకుని కూర్చుంటుంది. ‘ఎరుక’ మంచి మాటే, కానీ ఆఫీసు కాగితం మీద ఎరుక అని కనబడితే చేయి చాపి సోది చెప్పించుకోబుద్ధవుతుంది. ఇంతకీ ఒక గుమాస్తా, ఫలానా సంగతి తనకు తెలుసునని పై అధికారికి రాయాల్సి వస్తే ఈ మూడింటిలో ఏది వాడతాడు? ఏదీ వాడడు. తనకేమీ తెలియదనే రాస్తాడు.

ఈ చివరి ఆలోచన తన గురించేనని తోచి ఓబులేసు పెన్సిలు కింద పెట్టాడు.

డేరా గుడ్డ మీద వాన మొదలైంది. కర్నూలు వాన. నాలుగు చినుకులు రాల్చి, ఎవరైనా చూశారా లేదా అని ఆగి చూసుకునే వాన. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ, అంటే మూడేళ్లుగా, ఓబులేసు ఈ డేరాలోనే ఎండకు ఉడికి, చలికి ముడుచుకుని, ఇంగ్లీషు ఆఫీసు మాటలకు తెలుగు మాటలు వెతుకుతున్నాడు. ‘ఎ’తో మొదలుపెట్టిన పని ‘కె’ దాకా వచ్చింది. ఇంతలో రాజధానే లేచి హైదరాబాదుకు బయలుదేరింది. నెలాఖరుకు డేరాలు పీకేస్తారు. మాటలూ, వాటిని వెతికేవాళ్లూ లారీ ఎక్కాలి.

“ఏమప్పా ఓబులేసూ, ఇంకా ఆ నాలెడ్జి కాడనే ఉండావా?” అన్నాడు సూపరింటెండెంటు శ్రీనివాసులు, ఫైళ్లకు తాడు బిగిస్తూ. “ఏదో ఒకటి రాసి పారెయ్యి. లారీలు వస్తాండాయి.”

“అర్థం పూర్తిగా రాలేదు సార్.”

“అర్థాలు హైదరాబాదులో వస్తాయిలే. ఈడ వచ్చేవి చెదలే.”

ఓబులేసు నవ్వాడు. నవ్వడానికి కూడా ఒళ్లు బరువుగా ఉంది. పెద్ద ఇంగ్లీషు నిఘంటువును, పెట్టెలో పెట్టేలోగా చివరిసారి అనుకుని, మళ్లీ విప్పాడు.

తెలియడమని చెప్పే ఇంగ్లీషు ‘నో’కూ, మన ‘జ్ఞ’కూ పుట్టిల్లు ఒకటే. ఆ మాట ముందున్న కె అక్షరాన్ని ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు గట్టిగానే పలికేవాళ్లు. తర్వాత పలకడం మానేశారు, రాయడం మాత్రం మానలేదు. అంతవరకు ఓబులేసుకు ముందే తెలుసు. కింద సన్నటి అచ్చులో ఉన్నది తెలియదు. నాలెడ్జి అనే మాట పుట్టినప్పుడు దానికి తెలిసి ఉండడం అని అర్థం కాదు. తెలిసినదాన్ని నలుగురి ఎదుట ఒప్పుకోవడం. ఈయన నా దొర అని ఒప్పుకుంటే అది నాలెడ్జి. తప్పు చేసినవాడు చేశానని చెప్పుకుంటే అదీ ఆ మాటే. చాలాకాలం గడిచాకే అది నోట్లోంచి వెనక్కి జరిగి, తలలోకి పోయి తలుపు వేసుకుంది. ఇక ఆ మాట తోక, ‘లెడ్జి’, ఎక్కడిదో ఎవరికీ సరిగా తెలియదట. ఇంగ్లీషులో పెళ్లికున్న ‘వెడ్‌లాక్’ అనే పాత మాటకు కూడా అదే తోక ఉందేమోనని కొందరి అనుమానం.

అది చదివి ఓబులేసు పుస్తకం మూసేశాడు.

ఈ మధ్య అతను ఒక డాక్టరు దగ్గరికి కూడా వెళ్లి వచ్చాడు. అలసట అంటే ఎండ అన్నాడు డాక్టరు, నీళ్లు అన్నాడు, టానిక్కు రాసిచ్చాడు. ఓబులేసుకు మాత్రం తన అలసట ఎక్కడ మొదలవుతుందో తెలుసు. సాయంత్రం ఇంటికి పోయి వసారా మెట్టు ఎక్కుతుంటే మొదలవుతుంది. అక్కడ మొహానికి ఒక అన్నయ్య మొహం తగిలించుకోవాలి. రాత్రి తన గది తలుపు వేసుకునేదాకా అది జారకుండా చూసుకోవాలి. మూడేళ్లుగా మోస్తున్నా దాని బరువు అలవాటు కాలేదు.

ఆ మొహాన్ని కోరి తెచ్చుకున్నది తనే.

రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో కర్నూలులో గది దొరకడం గగనంగా ఉండేది. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలతో ఊరు నిండిపోయింది. పెళ్లికాని వాడంటే గడప దగ్గరే తలుపులు మూసేవారు. సత్రంలో నల్లుల మధ్య పడుకుని పడుకుని, కళ్లు మండుతూ, కోట వీధిలో హంపమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు ఒక మధ్యాహ్నం.

“బ్రమ్మచారులకు ఇయ్యం నాయనా,” అంది హంపమ్మ. “ఇంట్లో ఈడొచ్చిన పిల్ల ఉండాది. మా ఆయన ఊర్లో సేద్యం చూసుకుంటా ఎప్పుడో ఒగసారి వస్తాడు. మొగదిక్కు లేని ఇల్లు.”

“అట్లనగాకు చిన్నమ్మా,” అన్నాడు ఓబులేసు.

అనుకుని అన్నది కాదు. అనుకోకుండా అన్నదీ కాదు. ఆ మాట ఏం చేస్తుందో నాలుక చివర ఉండగానే అతనికి తెలుసు. చిన్నమ్మ అంటే అమ్మ చెల్లెలు. చిన్నమ్మ కూతురు చెల్లెలు. అక్కడితో ఆ ఇంట్లో భయం తీరిపోతుంది. కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు. ‘అత్తా’ అని ఉంటే ఆ రోజు తలుపు మూసుకునేదే, కానీ తర్వాత ఎప్పుడైనా వచ్చి తట్టడానికి ఒక తలుపంటూ మిగిలేది.

హంపమ్మ మొహం మెత్తబడింది. “రా నాయనా, నీడకు రా.”

అప్పుడు ఆమె వెనక నుంచి, నడుము మీద ఇత్తడి బిందెతో ఒక పిల్ల తొంగి చూసింది. పెద్ద కళ్లు, పైకి దోపిన చీర కుచ్చెళ్లు.

“ఎవరమ్మా ఈయన?”

“చిన్నమ్మా అంటాండాడు పాపం. గది కావల్లంట.”

ఆ పిల్ల అతన్ని తల నుంచి చెప్పుల దాకా చూసింది. “గది కోసరం కాళ్లు పట్టుకునేటోళ్లను చూసినా గానీ, చుట్టరికం దాకా వచ్చినోణ్ని ఇప్పుడే చూస్తాండా.”

ఆమె తుంగభద్ర. ఇంట్లో తుంగ. మునిసిపాలిటీ బడిలో పంతులమ్మ. ఓబులేసుకు గది దొరికింది. ఆ నిమిషంలోనే ఇంకేదో పోయింది.

ఈ సాయంత్రం చినుకుల్లో గొడుగేసుకుని ఇల్లు చేరేసరికి తుంగ వసారాలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది.

“ఈ దినం ఏ మాట సార్?”

“నాలెడ్జి.”

“నిన్న కూడా అదే గదా?”

“మొన్న కూడా.”

“మా రెండో తరగతి పిల్లోల్లని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తారు. తెలుసుకోవడం. అంతే.”

“అంత సులభమైతే గవర్నమెంటు నాకు జీతమెందుకిస్తాది?”

“నేనూ అదే అనుకుంటా ఉంటా.”

ఓబులేసు స్తంభానికి ఆనుకున్నాడు. ఈ మాటలాట కోసమే తను పొద్దున్నుంచి ఎదురుచూశాడని ఒప్పుకోవడం ఇష్టం లేక, గొడుగు దులుపుతున్నట్టు నటించాడు. “దాని ముందు ఒక కె ఉంటాది. రాస్తారు గానీ పలకరు.”

“ఎందుకు పలకరు?”

“ఒకప్పుడు పలికేవాళ్లంట. తర్వాత అలిసిపోయినారు.”

“అంటే ఉండేది ఉంటాది, అందరికీ కనపడతాంటాది, నోరు మాత్రం తెరవదు.” తుంగ చాట ఎత్తి ఊక ఊదింది. “మీ మాదిరే.”

ఓబులేసు వాన వైపు చూశాడు. వాన కూడా ఆ క్షణానికి ఆగిపోయి ఉంది. చూడ్డానికి ఏమీ లేదు.

“ఓబులేసూ,” లోపలి నుంచి హంపమ్మ పిలిచింది. “కాళ్లు కడుక్కోని రా నాయనా. నీతో పని ఉండాది.”

తుంగ తల వంచుకుని మళ్లీ బియ్యంలో రాళ్లు వెతకడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోందని ఓబులేసు గమనించాడు.

హంపమ్మ వంటింట్లో పీట వాల్చి, బొరుగుల ఉగ్గాని గిన్నె అతని ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. తుంగ సంబంధానికి ఆదోని వాళ్లు శుక్రవారం పొద్దున వస్తున్నారు. పిల్లను ఇంతకుముందే ఒక పెళ్లిలో చూశారు. ఇప్పుడు వచ్చేది మాట తీసుకోవడానికి. తాంబూలాలు మార్చుకుంటే అయిపోయినట్టే. తుంగ నాయన రేపు ఊరి నుంచి వస్తాడు.

“అన్నదమ్ములు లేని పిల్ల గదా అని వాళ్లు ఒక మాట అన్న్యారు. నాకు శానా బాధైంది నాయనా. ఎవరు చెప్పినారు, నాకుండాడు కొడుకు అని చెప్పి పంపిచ్చినా.” ఆమె కళ్లు మెరిశాయి. “వచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లిచ్చేది నువ్వు. చాప మీద మా ఆయన పక్కన కూసోని తాంబూలం పళ్లెం పట్టుకునేది నువ్వు. అన్న చేతి మీదనే పోవల్ల ఆ పళ్లెం.”

ఓబులేసు నోట్లో బొరుగులు మెత్తబడి, రుచి లేకుండా పోయాయి. “తుంగ ఏమనింది?”

“మీ ఇష్టం అనింది. మీ ఇష్టం అంటే తనకిష్టమనా, లేదనా? మూడు దినాల నుంచి సంగటి ముద్ద సగం కూడా తినడంలే. నువ్వు మాటలు తెలిసినోడివి. నువ్వన్నా చెప్పు.”

“నాకూ తెలీదు చిన్నమ్మా.”

“పోనీలే. నువ్వు కూసుంటావు గదా?”

ఒక మనిషి మునిగిపోయేముందు అతని బతుకంతా కళ్ల ముందు తిరుగుతుందంటారు. ఓబులేసుకు అలా ఏమీ తిరగలేదు. ఉగ్గానిలో ఒక ఎండుమిరపకాయ కనిపించింది. దాన్ని గిన్నె అంచుకు జరిపాడు. చాలా అలసటగా ఉంది. అవును అనడానికి కాదు అనడం కంటే తక్కువ బలం చాలు.

“సరే చిన్నమ్మా,” అన్నాడు.

మర్నాడు సాయంత్రం మబ్బు గట్టిగానే పట్టింది. మిద్దె మీద ఆరేసిన బట్టలు తీయడానికి తుంగ పరిగెత్తింది. ఆమె ఒక్కతే ఎన్ని తీస్తుందిలే అని, ఎవరూ అడగకుండానే తనకు తాను సంజాయిషీ చెప్పుకుని, ఓబులేసు కూడా ఎక్కాడు.

“సరే అన్న్యారంట,” అంది తుంగ, అతని వైపు చూడకుండా తాడు మీది చీర లాగుతూ.

“అడిగింది. కాదనలేకపోయినా.”

“మీరు ఎవరడిగినా కాదనరు. గంగిరెద్దు కూడా ఒక్కోసారి తల అడ్డంగా ఊపుతాది సార్.”

“ఆదోని పిల్లోడు మంచోడేనంట.”

“మంచోడే. జిన్నింగు మిల్లులో పని. సైకిలుండాది, రేడియో ఉండాది. ఆ రేడియో అన్నా మాట్లాడతాది.” చీరను మడత పెట్టకుండానే అతని భుజం మీద వేసింది. “మీకు తెలుసు.”

“ఏంది?”

“ఏందో మీకు తెలుసు.”

చినుకులు మొదలయ్యాయి. మిద్దె మట్టి వాసన లేచింది. దూరంగా కొండారెడ్డి బురుజు మీద పావురాలు ఒక్కసారిగా లేచి, మళ్లీ అక్కడే వాలాయి. ఓబులేసు భుజం మీది చీరను చేతుల్లోకి తీసుకుని, విప్పి, మళ్లీ మడత పెట్టాడు.

“తెలుసు,” అన్నాడు.

“ఎప్పటి నుంచి?”

“బిందె ఎత్తుకోని నన్ను తిట్టినావే, అప్పటి నుంచి.”

తుంగ మొహంలో నవ్వు వచ్చింది. అది పూర్తిగా రాకముందే వెనక్కి తీసుకుంది. “ఇది నాకు చెప్తాండారా? నాకు తెలిసిందే నాకు చెప్తే అదేం ధైర్యం సార్?”

“మీ అమ్మ నన్ను కొడుకనుకుంటాంది, తుంగా. ఇన్నేండ్లు ఆమె చేతి అన్నం తిని, ఇప్పుడు పోయి... ఈ వీధిలో నీ పేరేమైతాది? మీ నాయన ఏమంటాడు? మూడేండ్లు అన్న మాదిరి ఉండి ఇట్ల చేసినాడే అంటారు.”

“ఎవరు అన్న?” తుంగ గిర్రున తిరిగింది. “నేనెప్పుడన్నా మిమ్మల్ని అన్నా అని పిలిచినానా? యోచన చేసుకోండి.”

ఓబులేసు యోచన చేశాడు. అది అతని పని. ఒక మాట ఎక్కడెక్కడ వాడబడిందో వెతకడం. కాఫీ గ్లాసు పట్టుకుని ‘సార్’. తలుపు అవతల నుంచి ‘ఇదో, వింటాండారా’. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు, నుదుటి మీద తడిగుడ్డ వేసి, పేరూ ఊరూ లేకుండా ‘ఎట్లుండాది ఇప్పుడు?’ అందరూ సినిమాకు బయలుదేరినప్పుడు ‘అమ్మ పిలుస్తాండాది’. ఎంత వెతికినా ఆ మాట లేదు. ఒక్కసారి కూడా లేదు. తనూ ఆమెను చెల్లెమ్మా అని పిలిచిన గుర్తు లేదు. ఇంగ్లీషు మాటల పుట్టుక కోసం సముద్రాలు దాటిన తను, ఈ వసారాలో లేని ఒక మాటను గమనించలేదు.

“నోటికి రాక కాదు,” అంది తుంగ మెల్లగా. “రానియ్యలేదు. మీరు అమ్మను చిన్నమ్మా అన్నప్పుడల్లా నాకు కోపమొస్తాండె. ఎప్పుడో ఒగ దినం ఆ పిలుపు మారుస్తారని చూసినా. రేపు పొద్దునకు శుక్రవారం వస్తాంది.”

వాన ఈసారి ఆగి చూసుకోలేదు. ఇద్దరూ తడుస్తున్నారు. తీసిన బట్టలూ తడుస్తున్నాయి.

ఓబులేసు తనకు చేతనైనదే చెప్పాడు. “నాలెడ్జికి పాత అర్థం దొరికింది తుంగా. తెలుసుకోవడం కాదంట. తెలిసిందాన్ని నలుగురి ముందర ఒప్పుకోవడమంట.”

తుంగ అతని చేతిలోని చీర లాక్కుంది. కళ్ల మీద పడుతున్న నీళ్లు తుడుచుకోలేదు. అవి వానవే అయి ఉండాలి.

“అట్లయితే మీ దగ్గర ఉండేది నాలెడ్జి కాదు సార్. ఉట్టి తెలివి.”

మెట్ల మీద ఆమె మట్టెల చప్పుడు లేదు. ఇంకా పెళ్లి కాలేదు కదా. వట్టి పాదాల చప్పుడు. అది కిందికి దిగి, వంటింటి వైపు పోయి, ఆగిపోయింది.

ఆ రాత్రి గడిచింది. ఓబులేసు మనసు తనకు అలవాటైన పనే చేసింది, వెనక దారులు వెతికింది. పొద్దున్నే ఆఫీసుకు పోయి, లారీలు ఎక్కించాలి రాలేను అని కబురు చేయొచ్చు. సూపరింటెండెంటు చేత చెప్పించొచ్చు. హైదరాబాదు పోయాక, అక్కడి నుంచి పెద్దమనిషి ఎవరినైనా పంపొచ్చు, అప్పటికి తాంబూలాలు అయిపోయి ఉంటాయి, అయిపోయాయి కదా అని తను హాయిగా బాధపడుతూ బతకొచ్చు. ఆ చివరి దారి దగ్గర ఆగాడు. దాని మీద ఎంత దూరమైనా నడవగలడు తను. అలవాటైన దారి. అందుకే అతనికి తన మీద తనకే విసుగు పుట్టింది. ఆ విసుగే, విచిత్రంగా, కొంచెం విశ్రాంతిగా ఉంది.

తెల్లవారాక స్నానం చేసి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. పొయ్యి మీద పెనం కాలుతోంది. హంపమ్మ పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తోంది. చేతులనిండా నెయ్యి, మోచేతిదాకా పిండి. పెరటి వైపు తలుపు ఓరగా ఉంది. అవతల తుంగ గిన్నెలు తోముతున్న చప్పుడు. తుంగ నాయన వీధి అరుగు మీద పొరుగాయనతో వేరుశనగ సంగతి మాట్లాడుతున్నాడు.

“లేచినావా నాయనా? అదో, ఆ పీట మీద చూడు. కొత్త పంచె, కండువా. నీకే తెచ్చినా. పసుపు పెట్టి ఉంచినా అంచుకు. కట్టుకో. వాళ్లు పది గంటల బస్సుకు దిగుతారు.” ఆమె ఓళిగ తిరగేసింది. “నాకు కొడుకు ఉండి ఉంటే ఇట్లే ఉండునేమో అనుకుంటా ఉంటా. నువ్వు హైదరాబాదు పోతే ఈ ఇల్లు బోసి పోతాది. పండగకన్నా వస్తావా?”

ఓబులేసు పంచె చేతిలోకి తీసుకున్నాడు. గంజి వాసన. అంచున తడి పసుపు వేలికి అంటింది. ఈ మనిషి చేతి అన్నం, ఈ మనిషి నమ్మకం, జ్వరంలో ఈ మనిషి కాచిన కషాయం. నోరు విప్పితే ఇవన్నీ ఒక్క నిమిషంలో పోవచ్చు. విప్పకపోతే ఇవన్నీ ఉంటాయి. ఇవి మాత్రమే ఉంటాయి.

పంచెను మడత చెదరకుండా తిరిగి పీట మీద పెట్టాడు.

“అత్తా,” అన్నాడు.

పెరట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

హంపమ్మ చేతిలో అట్లకాడ గాలిలోనే నిలిచింది. పెనం మీద ఓళిగ అంచు మాడుతోంది. ఆమె దాని వంక చూడలేదు. అతని మొహం వంక చూసింది, తర్వాత ఓరగా ఉన్న పెరటి తలుపు వంక, తర్వాత మళ్లీ అతని వంక. ఆ చూపులో కోపం ఉందో, మరేముందో, మాటల మనిషికి కూడా అంతుపట్టలేదు. వీధి అరుగు దాకా వినబడకుండా, గొంతు బాగా తగ్గించి అడిగింది.

“నోరు జారిందా నాయనా?”

ఆమె ఇచ్చిన దారి అది. తల ఊపితే చాలు. ఇద్దరూ నవ్వేసి, ఆ మాట ఎవరూ అనలేదనుకోవచ్చు.

“జారలేదు,” అన్నాడు ఓబులేసు, అరుగు మీద వాళ్లకు కూడా వినిపించేలా. “నిన్నే పిలుస్తాండా, అత్తా.”